ఎనభై శాతం దాకా

బయలుదేరకముందే ఈ ప్రయాణం గురించి రాయాలని నిర్ణయించుకున్నాను. పేరు కూడా పెట్టేసుకున్నాను: ‘పైసా ఖర్చు లేకుండా పాలమూరు’. ఉపాధ్యాయుల పత్రిక నడిపే మిత్రుడు నా కోసం రెండు పేజీలు ఆపి ఉంచుతానన్నాడు. తిరిగొచ్చి చాలా రోజులైంది. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒక సాకు చెబుతూ వచ్చాను. ఇప్పుడు రాస్తున్నది ఆ వ్యాసం కాదు. ఆ పేరు గుర్తొస్తేనే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

నేను నల్గొండలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పోయిన ఏడాది కరెంటు కారు కొన్నాను. కొన్న రోజు నుంచి నాకు రెండే పట్టింపులు. ఒకటి, ఛార్జింగుకు వీలైనంత తక్కువ ఖర్చు పెట్టాలి. రెండు, బ్యాటరీ వీలైనన్ని ఏళ్లు బతకాలి. బ్యాటరీని ఇరవై శాతం కిందికి దింపను, ఎనభై పైకి ఎక్కించను. ఎండలో తిరిగొచ్చిన బండికి చల్లారేదాకా తీగ తగిలించను. రోడ్ల మీద ఉండే ఫాస్ట్ ఛార్జర్లంటే నాకు గిట్టదు. వాటితో బ్యాటరీ వేడెక్కుతుంది, పైగా ఇంటి కరెంటు కన్నా రెండు మూడింతలు గుంజుతారు. నెమ్మదిగా ఎక్కే మామూలు సాకెట్టే బ్యాటరీకి మేలు. అది ఎదుటివాళ్ల సాకెట్ అయితే నా జేబుకూ మేలు. మా బడిలో ప్రయోగశాల కిటికీలోంచి తీగ లాగి, పిల్లలకు పాఠం అని పేరు పెట్టి ఛార్జింగ్ పెట్టుకునేవాణ్ని.

“కొత్త అల్లున్ని జూసుకున్నట్టు జూసుకుంటున్నవు ఆ బండిని. ఇంత మడి మన ఇంట్ల దేవునికి గూడ లేదు” అనేది నా భార్య విజయ. నేను నవ్వేవాణ్ని. ఆమె మాట పొగడ్తలాగే వినిపించేది నాకు.

పానగల్లు

పాలమూరులో విజయ చెల్లెలి కూతురికి పూలు పండ్లు పెట్టుకున్నారు. అంటే సంబంధం ఖాయమైందని పదిమందిలో చెప్పుకునే వేడుక. పిల్లకు పెట్టాల్సిన పట్టుచీర మా అన్న నేశాడు. మా ఇంట్లో నేను ఉద్యోగంలోకి వెళ్లాను, అన్న మగ్గం వదల్లేదు. ఆయన ఇల్లు పానగల్లులో. మా దారిలో కాకపోయినా నల్గొండ పక్కనే కాబట్టి మొదట అక్కడికి వెళ్లాం.

దసరా వెళ్లిన కొత్త. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. వదిన సర్వపిండి కాల్చి పెట్టింది. గిన్నెకు అంటుకుని ఎర్రగా కాలిన అడుగు ముక్క కోసం ఈ వయసులో కూడా నేనూ అన్నా చేతులు చాపుకున్నాం. అన్న చీర మడతలు విప్పి చూపించాడు. నెమలికంఠం రంగు ఒళ్లు, పసుపు అంచు. విజయ అంచు మీద వేలు పెట్టి అలా నడిపిస్తూ ఉండిపోయింది.

నేను ఆ సమయంలో అన్న ఇంట్లో గోడలు చూస్తున్నాను. పెద్ద సాకెట్ ఎక్కడుందా అని.

“ఎనభై ఉంది గద, ఇంకేంది?” అంది విజయ.

“ఇక్కడి దాకా వచ్చేసరికి ఒకటి రెండు తగ్గింది” అన్నాను.

మళ్లీ మగ్గం గుంటలోకి దిగిన అన్న తల ఎత్తి చూశాడు. “తమ్మీ, ఊరూరు తిరుక్కుంట గోడలు జూసుడేంది? సుట్టమై పోతున్నవా, కరెంటు ఆఫీసోనివై పోతున్నవా?”

అందరం నవ్వుకున్నాం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. చీర పెట్టెను వెనక సీటు మీద ఉంచి బయలుదేరాం.

మర్రిగూడ దాటాక

మర్రిగూడ వైపు వెళ్లేకొద్దీ నేల ఎరుపెక్కుతుంది, చెట్లు పొట్టిబడతాయి. రోడ్డుకు రెండు వైపులా పత్తి పగిలి తెల్లగా ఉంది. ఆడవాళ్లు కొంగులు ఒడిగట్టుకుని పత్తి ఏరుతున్నారు. ఈ మండలం పేరు చెప్పగానే మా జిల్లాలో ఎవరికైనా గుర్తొచ్చేది నీళ్లే. ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. ఆ నీళ్లు తాగి వంకరపోయిన కాళ్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నవాళ్లం. ఇప్పుడు ఇంటింటికీ నల్లా నీళ్లు వస్తున్నాయి, ఊరూరా నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్లూ ఉన్నాయి.

మేము ఆగిన ఊరి పేరు రాయను. తప్పు చేసింది ఊరు కాదు. రోడ్డు పక్కనే నీలం రంగు వేసిన చిన్న గది, ముందు రేకుల పందిరి, గోడ మీద పెద్ద అక్షరాలతో ‘వాటర్ ప్లాంట్’. అప్పటికి బ్యాటరీ యాభైకి దగ్గరపడింది. అలాగే వెళితే పాలమూరు చేరేసరికి ఇరవై కిందికి దిగడం ఖాయం. కల్వకుర్తి దగ్గర శ్రీశైలం రోడ్డు మీద ఫాస్ట్ ఛార్జర్ ఉందని నాకు తెలుసు. అక్కడ ఆగితే ‘పైసా ఖర్చు లేకుండా’ అన్న మాట పోతుంది. అందుకని ఇక్కడ ఆపాను.

ప్లాంట్ నడిపేది సైదమ్మ. నలభై దాటి ఉంటాయి. బొడ్లో తాళపుచెవి, చేతిలో నీళ్ల పైపు. ఊరి మహిళా సంఘం తరఫున ఆమె ఈ పని చూస్తుంది. బండికి కాస్త ఛార్జింగ్ పెట్టుకోవచ్చా అని అడిగాను. అడగడంలో నేను ఆరితేరాను. ముందు భార్యను దించుతాను, ఆమె నీళ్లు అడుగుతుంది, తర్వాత నేను సాకెట్ అడుగుతాను.

“పెట్టుకో సార్, దానికేంది” అంది సైదమ్మ. “గా మూలకు పెద్ద పిన్నుది బోర్డున్నది. గని ఒక్క మాట. నాలుగింటికి నేను మోటర్ ఎయ్యాలె. గప్పటికి తీసెయ్యి. తీగ సన్నది, రెండిట్లను మొయ్యది. వారం నుంచి నల్లా వస్తలేదు, యాడనో పైపు పలిగిందట. గీ పొద్దు ఊరంత ఈడికే ఉరుకుతది.”

“తప్పకుండా అమ్మా” అన్నాను. భౌతికశాస్త్రం పంతులుకు ఆ సంగతి ఒకరు చెప్పాలా అని కూడా మనసులో అనుకున్నాను.

ప్లాంట్ వెనకే వాళ్ల ఇల్లు. అన్నం తినకుండా పోనివ్వనని సైదమ్మ విజయ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. మా నల్గొండ ఇళ్లలో చుట్టాలొస్తే కోడికూర లేకపోతే నామోషీ. ఇక్కడ సైదమ్మ ఏ మొహమాటమూ లేకుండా తాము తినేదే పెట్టింది. ఇంకో రొట్టె వేసుకునేదాకా పక్కనే నిలబడింది. గడప దగ్గర ఆమె అత్త కూర్చుని ఉంది. రెండు కాళ్లూ మోకాళ్ల దగ్గర వంగి అలాగే ఉండిపోయాయి. సైదమ్మ బిందెలోంచి నీళ్లు ముంచి మొదటి గ్లాసు ఆమెకిచ్చి, తర్వాత మాకిచ్చింది.

“ఆమె తాగిన నీళ్లు మా పిల్లలు తాగొద్దని నేను గీ ప్లాంట్ల చేరిన” అంది విజయతో. “జీతం ఎంతని అడుగకు వదినా, నవ్వుతవు.”

విజయను అప్పుడే వదినను చేసేసుకుంది. నేను సార్‌గానే మిగిలాను. నేను తింటూ మధ్యమధ్య ఫోన్ చూసుకుంటున్నాను. ఎంతయింది అని చూడటం నాకు రెప్ప కొట్టడం లాంటిది. నడుమ కొంతసేపు కరెంటు పోయింది. ఆ కొంతసేపూ నాకు అన్నం దిగలేదు.

నాలుగవుతుండగా పందిరి కింద ఆడవాళ్లు చేరడం మొదలైంది. డబ్బాలు, బిందెలు, సైకిలుకు రెండు వైపులా కట్టిన క్యాన్లు. తీగ తీస్తానని చెప్పి బయటికొచ్చాను. ఫోన్‌లో డెబ్బై నాలుగు. ఎనభై కావాలంటే ఇంకాస్త. బడిలో పిల్లలను చూసి నేర్చుకున్నానేమో, గంట కొట్టినా చివరి లెక్క పూర్తి చేస్తానని మొండికేసే పిల్లవాడిలా తీగ పట్టుకుని నిలబడ్డాను. మోటారు వేసే ముందు ఆమె డబ్బాలు సర్దుతుంది, కుళాయిలు తిప్పుతుంది, కొంత సమయం పడుతుంది కదా అనుకున్నాను.

గదిలోంచి సైదమ్మ కేకేసింది. “సార్, తీసినవా?”

“తీసిన, తీసిన!” అన్నాను.

తీయలేదు. ఆమె నా మాట నమ్మింది. బయటికొచ్చి చూడాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు. స్విచ్ వేసింది. మోటారు తిరగలేదు, మూలిగింది. పందిరిలో బల్బు ఎర్రగా సన్నబడింది. నేను తీగ లాగేలోపే ఆ వాసన వచ్చింది. రాగి తీగ మీది పూత కాలే వాసన. మా ప్రయోగశాలలో ఎప్పుడైనా ఆ వాసన వస్తే పిల్లల మీద విరుచుకుపడతాను. వోల్టేజి పడిపోతే మోటారు ఎందుకు కాలిపోతుందో ప్రతి ఏడూ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేది నేనే.

తీగ చుట్టి డిక్కీలో వేస్తుంటే సైదమ్మ బయటికొచ్చింది. నా చేతుల వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది.

“ఏమైందే సైదమ్మా?” అంటున్నారు పందిరిలో ఆడవాళ్లు.

ఆమె కొంచెం ఆగింది. నేను చెబుతానని ఆగిందని నాకు అప్పుడే తెలుసు. నేను చెప్పలేదు.

“ఓల్టేజ్ పడిపోయినట్టున్నది” అంది.

“అవునమ్మా, లో వోల్టేజి. పల్లెల్లో ఇదే సమస్య” అన్నాను. బడిలో పాఠం చెప్పే గొంతుతో అన్నాను. ఊరుకున్నా కొంత నయంగా ఉండేది.

విజయ ఇంట్లోంచి వచ్చింది. చేతిలో సైదమ్మ కట్టిచ్చిన మూట. దారిలో తినమని రొట్టెలు, ఒక సీసాలో పచ్చిపులుసు. దాన్ని డిక్కీలో పెట్టింది. బండి కదిలేటప్పుడు అద్దంలో చూశాను. డబ్బాలన్నీ ఖాళీగా నేల మీద వరసగా ఉన్నాయి. ఎవరూ ఇంకా ఇంటికి పోలేదు.

కల్వకుర్తి

“మోటర్ ఎందుకు కాలింది?” అని అడిగింది విజయ.

“లో వోల్టేజి.”

కల్వకుర్తిలో చాయ్ తాగడానికి ఆగాం. బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తున్నాడు. మా వైపు బజ్జీలో వాము పెడితే ఇక్కడ చింతపండు గుజ్జు పూస్తారు. నోరు జివ్వుమంది. బాగున్నాయని అన్నాను. విజయ తినలేదు, నీళ్లు మాత్రం తాగింది.

ఆ కొట్టు ఎదురుగానే ఫాస్ట్ ఛార్జర్ ఉంది. ఒక్క బండీ లేదు. నా బ్యాటరీలో ఇంకా యాభై శాతం కన్నా తక్కువేమీ లేదు. మధ్యాహ్నం ఆ ఊళ్లో అసలు ఆగకపోయినా ఇక్కడిదాకా సుఖంగా వచ్చి, చాయ్ తాగినంతసేపట్లో ఎక్కించుకుని వెళ్లేవాణ్ని. ఆ పెట్టె ముందు నిలబడి దాని మీద రాసిందంతా చదివాను. చదవడానికేమీ లేదు.

జడ్చర్ల దగ్గర సీతాఫలాల గంపలు రోడ్డు పొడుగునా ఉన్నాయి. గంప కొన్నాం. డిక్కీ తెరిచి చూస్తే పచ్చిపులుసు సీసా మూత ఊడి ఛార్జింగ్ తీగ అంతా తడిసి ఉంది. తుడిచాను. ఆ తీగకు ఇప్పటికీ చింతపండు వాసన వస్తుంది. చీర పెట్టె వెనక సీటు మీద ఉండబట్టి సరిపోయింది.

పాలమూరు

విజయ చెల్లెలి భర్త అంటే నాకు సడ్డకుడు. మంచివాడు, గొంతు పెద్దది. నేను బండి దిగీ దిగకముందే పీటలు వేసిన పందిట్లోకి తీసుకెళ్లి పెళ్లికొడుకు వైపు వాళ్లకు పరిచయం చేశాడు. “గీన మా సడ్డకుడు. నల్గొండకెల్లి పైసా ఖర్చు లేకుంట వచ్చిండు. మనం పెట్రోలుకు పోసే పైసలు జూస్తె నవ్వుతడు.”

ఎదురుచూసిన ఘడియ అదే. మాట్లాడను అని దారిలో గట్టిగా అనుకున్నాను. కాని పదిమంది కుర్చీలు దగ్గరికి లాక్కుంటే నా నోరు ఆగలేదు. ఇరవై ఎనభై లెక్క చెప్పాను. ఎండలో నిలిపిన బండికి వెంటనే తీగ తగిలించొద్దన్నాను. నిండా ఎక్కించి రోజుల తరబడి వదిలేయొద్దన్నాను. నెమ్మదిగా ఎక్కిస్తే బ్యాటరీ ఎక్కువ కాలం ఉంటుందన్నాను. ఇవన్నీ నిజాలే. ఒక పెద్దాయన నా మాటలు తలాడిస్తూ విన్నాడు.

“మరి నడుమ యాడ పెట్టినవు సారూ ఛార్జింగు?” అని అడిగాడు.

“మర్రిగూడ దాటినంక ఒక ఊళ్లే. వాటర్ ప్లాంట్ కాడ.”

“గట్ల పెట్టుకోనిచ్చిండ్రా? మంచోళ్లు పాపం” అన్నాడు ఆయన.

విజయ అప్పుడే రొట్టెల పళ్లెం తీసుకొచ్చి మా ముందు పెడుతోంది. పాలమూరులో వేడుకైనా రొట్టె తప్పదు. పక్కన పల్లీల చట్నీ, వంకాయ కూర. ఆమె పళ్లెం పెట్టి, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. మిగతా వాళ్లు ఇంకా ప్రశ్నలడుగుతున్నారు. నాకు జవాబులన్నీ తెలుసు. చెబుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున పిల్ల మా అన్న నేసిన చీర కట్టుకుని తిరుగుతుంటే అందరూ అంచు పట్టుకుని చూశారు. విజయ పెరట్లో ముఖం కడుక్కుంటోంది. తువ్వాలు అందించడానికి వెళ్లాను.

“నిన్న రొట్టెల మూట డిక్కీల పెట్టేటప్పుడు తీగ నా చేతికి తాకింది” అంది. “ఇంకా ఎచ్చగనే ఉండె.”

నేను తువ్వాలు చాపి పట్టుకున్నాను.

“రొట్టెల కంటె ఎచ్చగుండె” అంది. తువ్వాలు తీసుకుని లోపలికి పోయింది.

ఆ రోజు సాయంత్రం ఏ ఊరి పెద్దాయనో దగ్గరికొచ్చి బ్యాటరీ గురించి అడిగితే, తలనొప్పిగా ఉందని చెప్పి లోపలికెళ్లి పడుకున్నాను.

తిరుగుదారి

సడ్డకుడి ఇంట్లోనే ఎనభైకి ఎక్కించుకుని బయలుదేరాం. కల్వకుర్తిలో ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆగుదామా అని విజయ అడిగింది. వద్దన్నాను. ఆగితే చాయ్ తాగుతాను, చాయ్ తాగితే సైదమ్మ ఊరు తప్పించి ఇంకో దారిన నల్గొండ వెళ్లిపోదామన్న ఆలోచన వస్తుంది. నా సంగతి నాకు తెలుసు.

నీలం గదికి తాళం వేసి ఉంది. పందిరి ఖాళీ. మోటారు వైండింగుకు దేవరకొండ పోయిందని, పక్క ఊరి ప్లాంట్ నుంచి నీళ్లు తెచ్చుకుంటున్నామని అటుగా వెళ్తున్న ఒకామె చెప్పింది. ప్లాంట్ వెనకున్న ఇంటికి వెళ్లాం. సైదమ్మ గడ్డి మోపు విప్పుతోంది. మమ్మల్ని చూసి లేచి, ముందు విజయకు మంచం వాల్చింది. గడప దగ్గర అత్త కూర్చునే ఉంది.

“ప్లాంట్ తాళం నీ దగ్గర లేదా?” అని అడిగింది విజయ. బొడ్లో తాళపుచెవి లేదని నేను కూడా చూశాను.

“సంఘమోళ్లు తీసుకున్నరు వదినా” అంది సైదమ్మ. మామూలుగానే అంది.

సంఘం లీడర్ ఇల్లు ఎక్కడో అడిగి నేనొక్కణ్నే వెళ్లాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ఆవిడ పత్తి బస్తా మూతి కుడుతోంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు. పందిరి కింద చూసిన ముఖాలే. నిలబడే చెప్పాను. మోటారు కాలడానికి కారణం వోల్టేజి కాదని, నేనని. తీసేశానని అబద్ధం చెప్పానని. సైదమ్మ తప్పు ఏమీ లేదని.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. లీడర్ సూది ఆపలేదు.

“నీ బండేనని మాకెరుకే సార్. అందరం ఆడనే ఉంటిమి గద. తీగ నీ బండి దాకనే ఉండె.”

“మరి ఆమె తాళం ఎందుకు తీసుకున్నారు?”

“నువ్వు దారిన పోయేటోనివి. నిన్నేమంటం?” అంది ఆవిడ. “పెట్టుకొమ్మన్నది ఆమె. ఊరి నీళ్లు ఆమె చేతుల పెట్టినం మేము, నీ చేతుల పెట్టలే.”

వైండింగ్ ఖర్చు నేనిస్తానన్నాను. “ఇయ్యి, తీసుకుంటం” అంది. “గని తాళం మాట వేరే. మోటర్ వచ్చినంక అందరం కూసోని మాట్లాడుకుంటం.”

నేను చెప్పేస్తే ఏదో ఒకటి సర్దుకుంటుందని నమ్మి వచ్చాను. నిజం చెప్పడం కూడా నాకు ఒక ఛార్జింగ్ లాంటిదే అనుకున్నానేమో, తీగ తగిలిస్తే చాలు నిండిపోతుందని. నేను చెప్పింది అక్కడ ఎవరికీ అక్కరలేదు. వాళ్లకు కావలసింది నీళ్లు.

“పక్కూరికి ఆటో పోయేదున్నదా?” అని లీడర్ పక్కనామెను అడుగుతోంది. నా బండిలో తెస్తానన్నాను.

వెనక సీటు మడిచి, క్యాన్లు నింపుకుని, పక్క ఊరి నుంచి ఈ ఊరికి తిరిగాను. విజయ కూడా వచ్చి క్యాన్లు దించింది. గతుకుల దారి, బరువు బండి. మొదటి విడతకే బ్యాటరీ ఇరవై కిందికి దిగింది. ఏడాదిగా కాపాడుకున్న గీత అది. దాటినప్పుడు ఫోన్ ఒకసారి చప్పుడు చేసింది, అంతే. బండికి ఏమీ కాలేదు. ఒక ఆడమనిషి తన క్యాన్ దించుకుంటూ, “గీ బండి సప్పుడే లేదు గదనే” అని పక్కామెతో అని నవ్వింది. నాతో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, కసురుకోలేదు కూడా. చివరికి ఎర్ర గుర్తు వెలిగి బండి ముక్కుతూ సైదమ్మ ఇంటి ముందు ఆగింది. చివరి క్యాన్ ఆమె ఇంటిదే. మూత విప్పి గ్లాసులో పోసి, మొదట అత్తకిచ్చింది.

ఆ బ్యాటరీతో కల్వకుర్తికి వెనక్కి పోలేను, నల్గొండకూ పోలేను. ట్రాక్టరుకు కట్టించుకుని పోదామని విజయతో మెల్లగా అంటుంటే సైదమ్మ విన్నది.

“ఎందుకు సార్? మా ఇంట్ల పెట్టుకో. పశువులకు నీళ్లు పట్టే యాల్లకు జర తీస్తే సాలు.”

విజయ డిక్కీ తెరిచి తీగ తీసి నా చేతిలో పెట్టింది. చింతపండు వాసన కొట్టింది. వాళ్ల గోడకున్న సాకెట్‌లో పెట్టి, అరుగు మీద కూర్చున్నాను. ఫోన్ జేబులోనే ఉంచాను. విజయ లోపల సైదమ్మకు పిండి కలపడంలో సాయం చేస్తోంది. ఇద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు. ఎండ తగ్గి గోడ మీదికి పాకింది. బర్రె కొట్టంలోంచి తల బయటపెట్టి ఖాళీ తొట్టి వైపు చూస్తోంది.

పశువుల నీళ్లకు వాళ్లకు చిన్న బోరు మోటారు ఉంది. సైదమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ స్విచ్ దగ్గరికి వెళ్లడం కిటికీలోంచి కనిపించింది. నేను ఒక్క ఉదుటున లేచి తీగ పీకేశాను. పిన్ను నా చేతిలోనే ఉంది.

“సార్, తీసినవా?” అని లోపలి నుంచి కేకేసింది.

“తీసిన” అన్నాను.

సైదమ్మ స్విచ్ మీది నుంచి చెయ్యి తీసింది. గడప దాటి బయటికొచ్చింది. నా ముఖం వైపు చూడలేదు. గోడ దగ్గరికెళ్లి, వంగి, సాకెట్ ఖాళీగా ఉందో లేదో చూసుకుంది. అప్పుడు లోపలికెళ్లి మోటారు వేసింది.